మంగతాయారుగారి పని అప్పగింత

నమోదు 1. మబ్బు లేదు

పొద్దున్నే పదకొండు మంది కొత్త ఉద్యోగులు తీగబండిలో పైకొచ్చారు. దిగీ దిగగానే కొందరు వాంతి చేసుకున్నారు. కొందరు అంచున ఉన్న కటకటాలు పట్టుకుని కిందికి చూసి దేవుళ్ళను తలుచుకున్నారు. ఒకాయన ఏకంగా నేలమీద చతికిలబడ్డాడు. పేరు బలరాం. ఆరడుగుల పైబడ్డ మనిషి, కింద లారీల్లోకి బస్తాలు ఎత్తిన భుజాలు.

"మేడం, ఇది ఊగుతోందేంటండీ?" అన్నాడు.

"బుడగలకు వేలాడే విశ్వవిద్యాలయం ఊగక ఏం చేస్తుంది నాయనా! అలవాటైపోతుందిలే. నాకు పద్దెనిమిదేళ్ళలోనే అలవాటైంది" అన్నాను. ఆయన నవ్వలేదు.

నేను అలివేలును. ఇక్కడి గ్రంథాలయాలకూ మ్యూజియంలకూ హెచ్.ఆర్. అధిపతిని. ఎవరు ఏ పనికి పనికొస్తారో చూడడం, దేనికీ పనికిరానివాళ్ళకు కూడా ఏదో ఒక పని వెతకడం, ఎవరు ఎవరితో మాటలు మానేశారో కనుక్కుని ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర టీకి కూర్చోబెట్టడం నా ఉద్యోగం. ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళు నమోదులు రాయాలని రూలు. నా ముందున్నాయన ఏళ్ళ తరబడి "అంతా సవ్యం" అని రాసి రిటైరైపోయాడు. నాకు అంత పొదుపు చేతకాదు.

కొత్తవాళ్ళను ఇంత హడావుడిగా తెప్పించింది వానమబ్బుల కోసం. కింద ఎండలకు పాత పుస్తకాలు అప్పడాల్లా విరుగుతున్నాయని తాతల కాలంలో పైకి తెచ్చారు. పైన ఎండ బాధ లేదు గానీ, వానాకాలంలో మబ్బు కిటికీలోంచి నేరుగా చదువుకునే హాల్లోకి వచ్చి కూర్చుంటుంది. ఊడ్చి బయటికి తోలాలి. తోలేలోపు ఏయే పుస్తకాల్లోకి తడి దిగిందో కనిపెట్టి, వాటిని విప్పి ఆరబెట్టాలి. తేమ చూసే యంత్రాలున్నాయి. అవి హాలంతా తడిగా ఉందని చెబుతాయి. అది మాకూ తెలుసు.

పుస్తకం వెన్ను మీద వేలు ఆనించి "ఇది రేపటికి బూజు పడుతుందండి, పక్కది బాగానే ఉంది" అని చెప్పగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆవిడే మంగతాయారుగారు. ఈ నెలాఖరుకు ఆవిడకు రిటైర్‌మెంట్. వానమబ్బులు రెండు వారాల్లో మా ఎత్తుకొస్తాయి.

నమోదు 2. పల్చని మబ్బు, దక్షిణాన

ఇప్పుడు పని నేర్పడానికి ఏళ్ళు పట్టదు. పని వచ్చినవాళ్ళూ రానివాళ్ళూ తలా ఒక టోపీ పెట్టుకుని ఒక పూటంతా పక్కపక్కన పనిచేస్తే చాలు, ఆ చేతి నేర్పు ఈ చేతికి వచ్చేస్తుంది. దీన్ని పని అప్పగింత అంటాం. ముందుగా మాత్రం వడపోత జరగాలి. అప్పగించేవాళ్ళు నా గదిలో మూడు రోజులు కూర్చుని, పనికి సంబంధం లేని సొంత సంగతులన్నీ పైకి చెప్పాలి. ఇష్టాలు, కోపాలు, భయాలు, గిట్టని కూరలు. చెప్పినవాటిని టోపీ పక్కన పెట్టి, పనిని మాత్రం అవతలివాళ్ళకు ఎక్కిస్తుంది. పోయినేడు మట్టిబొమ్మలు అతికే ఆయన తనకు వంకాయ పడదని చెప్పడం మరిచిపోయాడు. ఆయన శిష్యులు నేటికీ వంకాయ ముట్టరు.

మంగతాయారుగారు నా గదిలోకి వచ్చి కుర్చీ అంచున కూర్చున్నారు. మెడ కాస్త ఎడమకు వంచి, చేతిగడియారం పట్టీ తిప్పుకుంటూ ఉన్నారు.

"నాకేవుంటాయండీ వడకట్టడానికి? పొద్దున్న లేస్తే పుస్తకాలు, సాయంత్రం పుస్తకాలు. ఆ మూడు రోజులూ పిల్లలకి పని చూపిస్తే నయం కదండీ" అన్నారు.

నిజమే అనిపించింది. గ్రంథాలయంవాళ్ళకు పనే లోకం, పుస్తకం తప్ప ఇంకో ధ్యాస ఉండదని మా హెచ్.ఆర్. వాళ్ళందరికీ ఒక గట్టి నమ్మకం. పైగా మబ్బులు ముంచుకొస్తున్నాయి. వడపోత అక్కర్లేదని నా చేత్తో నేనే సంతకం పెట్టేశాను.

నమోదు 3. ఎండ

అప్పగింత అద్భుతంగా జరిగింది! మధ్యాహ్నానికల్లా పదకొండు మందీ అరల మధ్య తిరుగుతూ, వెన్నులు తడుముతూ, "ఇది తడి, ఇది పొడి" అంటూ చెబుతున్నారు. కర్నూలు నుంచి వచ్చిన రెహానా అయితే కళ్ళు మూసుకుని చెప్పింది. పొద్దున దాకా కటకటాలు వదలని బలరాం అరచేతి వెడల్పు లేని నిచ్చెన మీద నిలబడి తాళపత్రాలు దించాడు.

నేనూ టోపీ పెట్టుకున్నాను. మా దగ్గర అదొక ఆచారం. ఎవరి తలకు ఏది ఎక్కిస్తున్నామో హెచ్.ఆర్. అధిపతి తన తలకూ ఎక్కించుకుని చూడాలి. అందుకే నాకు గాజు తుడవడం, శాసనాల మీద కాగితం అద్ది అచ్చు తీయడం, పాములను సీసాలోకి ఎక్కించడం కూడా వచ్చు. ఈ మూడోది ఇంతవరకు అవసరపడలేదు.

సాయంత్రం నా గదిలో ఫైళ్ళన్నిటినీ తడిమి చూశాను. అన్నీ పొడిగానే ఉన్నాయి. ఎందుకో తెలియదు గానీ చాలా హుషారుగా ఉంది. చిన్నగా పాట కూడా పాడుకున్నాను. నాకు పాట రాదు.

నమోదు 4. ఎండ, కాస్త గాలి

హాజరు చూడ్డానికి మ్యూజియంలో ఎముకల హాలుకు వెళ్ళాను. అక్కడి సంరక్షకుడు పోశెట్టిగారు నిచ్చెనెక్కి తిమింగలం పక్కటెముకలను కుంచెతో దులుపుతున్నారు. రోజూ చూసే మనిషే. యాభై ఏడేళ్ళు, బట్టతల, మెడలో తువ్వాలు.

గుండె ఝల్లుమంది. అబద్ధం ఎందుకు, రాయాల్సిందే రాస్తున్నాను. మొహం వేడెక్కింది. ఆయన కుంచెను తువ్వాలుకు తుడుచుకుంటుంటే, ఆ తుడుచుకోవడం ఎంత బాగుందో అనిపించింది! "ఏం మేడం, మంచిగున్నరా?" అని పైనుంచి పలకరించారు. "ఆఁ" అన్నాను. ఇంకా ఏదైనా అనాలని ఉంది. అక్కడ ఏ పనీ లేకపోయినా చాలాసేపు నిలబడి వచ్చేశాను.

నాకు నలభై ఆరేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు, చేసుకోలేదన్న బెంగ కూడా లేదు. ఇదేం పోయేకాలం? బహుశా ఎత్తు పడక తల తిరుగుతోందేమో. కానీ ఇంత హాయిగా తల తిరగడం ఎప్పుడూ ఎరగను.

నమోదు 5. మబ్బు, మెట్ల వరకు

టీ వేళకు కొత్తవాళ్ళు కనబడలేదు. వెతుక్కుంటూ వెళితే పదకొండు మందీ ఎముకల హాలులో ఉన్నారు. బలరాం పోశెట్టిగారికి టీ తెచ్చాడు. ఇంకొకడు బిస్కెట్లు తెచ్చాడు. ఇద్దరు నిచ్చెనను చెరోవైపు పట్టుకున్నారు, అది గోడకు బిగించిన నిచ్చెన అయినా సరే. మిగతావాళ్ళు దూరంగా నిలబడి చూస్తున్నారు. అందరి మెడలూ ఎడమకు వంగి ఉన్నాయి. అందరి కుడిచేతులూ ఎడమ మణికట్టు మీద గడియారం పట్టీ తిప్పుతున్నాయి. బలరాంకు గడియారం లేదు. వట్టి మణికట్టునే తిప్పుకుంటున్నాడు.

రెహానా నన్ను పక్కకు లాగింది. "ఏం మేడమ్, మాకేమన్నా దిష్టి తగిలిందా? ఆ సారును సూస్తే చాలు, నాకు లోపల ఏందో అయితాంది. నాకు కింద నిశ్చితార్థం అయింది మేడమ్! ఆ పిల్లోడు గుర్తుకొస్తే ఇట్లా ఎప్పుడూ కాల్యేదు."

"బలరాంకు కూడానా?"

"అతను రాత్రంతా ఒకటే ఏడ్సినాడంట. బాధ కాదంట, సంతోషమంట."

అప్పుడు నా చేతి వంక చూసుకున్నాను. నేనూ పట్టీ తిప్పుతున్నాను.

కొంప మునిగింది. వంకాయ కథే మళ్ళీ, కాకపోతే ఈసారి వంకాయ కాదు. ఇది మంగతాయారుగారిది. ఇన్నేళ్ళుగా ఒక్క మనిషికీ చెప్పకుండా దాచుకున్నది. వడపోతలో పైకి చెప్పాల్సి వస్తుందనే ఆవిడ ఆ రోజు కుర్చీ అంచున కూర్చుని తప్పించుకున్నారు. నేను దాన్ని పన్నెండు మందికి పంచిపెట్టాను.

పది రోజుల్లోపు అయితే ఎక్కినదాన్ని కడిగేసే గది ఒకటుంది. కడిగితే పని కూడా పోతుంది, వానలకు పుస్తకాలు పోతాయి. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి. అప్పగింత చెడి కడిగించుకుంటే, ఎందుకు చెడిందో సోమవారం సిబ్బంది సభలో అందరి ముందూ చదివి వినిపించాలి. ఆవిడ ఆ సభలో మొదటి వరసలో కూర్చుంటారు.

ఎవరికీ చెప్పొద్దని పదకొండు మందితో ఒట్టు వేయించుకున్నాను. ఒట్టు వేస్తున్నప్పుడు కూడా సగం మంది నిచ్చెన వైపే చూస్తున్నారు.

నమోదు 6. మబ్బు

పోశెట్టిగారు నా గదికి వచ్చారు. నా గుండె నా మాట వినడం లేదు. కుర్చీ చూపించి, బల్లను గట్టిగా పట్టుకున్నాను.

"మేడం, ఒక ముచ్చట చెప్పాలె. చెప్పకుంటే మనసున పడ్తలేదు" అన్నారు. ఎన్నడూ గొంతు పెంచని మనిషి, మొహం ఎర్రబడి ఉంది. "గా కొత్త పోరలు ఎక్కిరిస్తున్నరు."

కొత్తవాళ్ళు సరదాగా ఏదో చేసి ఉంటారని, మిమ్మల్ని నొప్పించాలని కాదని సర్దిచెప్పబోయాను.

"నన్ను గాదు మేడం! నన్ను ఎక్కిరిస్తే నేను గూడ నవ్వి ఊకుందును. వాళ్ళు మంగతాయారు మేడంను ఎక్కిరిస్తున్నరు. మెడ గిట్ల వంచుతరు. గడియారం తిప్పుకుంట నిలవడ్తరు. అచ్చం గామె లెక్కనే. గా పెద్ద పోరడైతే గడియారం లేకున్న తిప్పుతడు! గామె గట్ల నిలవడ్తదని నాకు తెల్వదా? గిన్నేండ్ల సంది జూస్తున్న."

మంచినీళ్ళ గ్లాసు ఆయన వైపు జరిపాను.

"గామె నెలాఖరుకు పోతది. పోయే ముంగట గామెను గట్ల నవ్వులపాలు చేస్తరా? అందర్ని కిందికి పంపుండ్రి. లేకుంటే సోమారం సభల నేనే లేచి అడుగుత. వీసీ సారు ముంగటనే అడుగుత" అని లేచి నిలబడ్డారు. అంతలో ఆయన చూపు నా చేతుల మీద పడింది. నేను బల్ల వదిలేసి ఎప్పుడు పట్టీ తిప్పడం మొదలుపెట్టానో నాకే తెలియదు.

"మీరు గూడనా మేడం?" అన్నారు. ఆ గొంతులో బాధ విని చచ్చిపోవాలనిపించింది. తలుపు నెమ్మదిగా వేసి వెళ్ళిపోయారు.

ఏడవాలో గంతులేయాలో తెలియక కాసేపు రెండూ చేశాను. మనసులో ఏమీ లేకుండా పరాయి మనిషి నిలబడే తీరును ఎవరైనా అంతగా గుర్తుపెట్టుకుంటారా! కానీ ఆ మంచి మనిషి సోమవారం లేచి అడిగితే, ఆవిడ దాచుకున్నదంతా వందల మంది ముందు బయటపడుతుంది. ఇక ఆవిడకు చెప్పకుండా ఉండే దారి లేదు.

నమోదు 7. మబ్బు, హాల్లో మోకాలి ఎత్తు

మంగతాయారుగారు హాల్లో చీపురుతో మబ్బును గుమ్మం వైపు తోలుతున్నారు. నేనూ ఒక చీపురు తీసుకున్నాను. పక్కపక్కన తోలుకుంటూ అంతా చెప్పేశాను. వడపోత మానేసిన సంగతి, టోపీల సంగతి, పన్నెండు మంది సంగతి, పోశెట్టిగారి సోమవారం సంగతి. చివర్లో, "మీరు ఊఁ అంటే నేను సభలో అబద్ధం చదువుతాను. యంత్రం చెడిందని చెప్పి అందరినీ కడిగించేస్తాను. నా ఉద్యోగం పోతే పోయింది" అన్నాను.

ఆవిడ మొహంలో నెత్తుటి చుక్క లేదు. చీపురు గోడకు ఆనించి, మబ్బులోనే మెట్టు మీద కూర్చున్నారు. నడుం దాకా కనబడలేదు.

"అందరికీనా అండీ?" అన్నారు.

"అందరికీ."

"ఆ బలరాం గారికి కూడానా అండీ?"

"అందరికన్నా ఎక్కువ ఆయనకే."

ఏడుస్తారనుకున్నాను. ఫక్కున నవ్వారు. నవ్వి, చెంగుతో నోరు మూసుకుని, మళ్ళీ నవ్వారు. "అయ్యబాబోయ్! పాపం, అంత మనిషి!" తర్వాత గొంతు తగ్గించి, "అలివేలుగారూ, ఒకటడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆయన నిచ్చెన దిగేటప్పుడు మీకూ భయవేస్తుందా అండీ?"

"చచ్చేంత! ఆ మూడో మెట్టు దగ్గర..."

"చూసుకోకుండా కాలు వేసేస్తారండీ!" అని ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "ఇన్నేళ్ళూ ఎవరితో చెప్పుకోవాలో తెలిసేది కాదండీ. చెబితే నవ్వుతారని. ఈ వయసులో ఏవిటిదని. మీకు నేను చెప్పక్కర్లేదు. మీకు తెలుసు. ఎంత బాగుందోనండీ, ఒకరికి తెలిసుండడం."

అరల వెనక దాక్కున్న పదకొండు మందీ ఒక్కొక్కరే బయటికొచ్చారు. ఆ తర్వాత జరిగినదాన్ని సమావేశం అనాలో ఏమనాలో నాకు తెలియదు. మబ్బులో గుండ్రంగా కూర్చుని అందరం ఒకేసారి మాట్లాడాం. తువ్వాలు గురించి, ఆయన తిమింగలంతో మాట్లాడేటప్పుడు "నువ్వు" అనకుండా "మీరు" అనడం గురించి. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో ఇంత సంతోషంగా ఉన్న సిబ్బందిని నేను చూడలేదు.

చివరికి మంగతాయారుగారు కొంగు బిగించి లేచారు. "అబద్ధం వద్దండీ. నా గురించి ఆయన సభలో పోట్లాడ్డం, మీ ఉద్యోగం పోవడం, ఏవీ వద్దు. ఆయనతో నేనే చెప్పేస్తాను. నవ్వితే నవ్వుతారు. నెలాఖరుకి దిగిపోయేదాన్నే కదా."

నమోదు 8. ఆదివారం, ఎండ

పోశెట్టిగారు తిమింగలం తోక దగ్గర స్టూలు మీద కూర్చుని కుంచెలు కడుక్కుంటున్నారు. నేను గుమ్మం దాకా వస్తానన్నాను. మంగతాయారుగారు లోపలికి రమ్మన్నారు. పదకొండు మందిని ఎవరూ రమ్మనలేదు. ఏనుగు ఎముకల వెనక అందరూ నక్కి ఉన్నారు. బలరాం పూర్తిగా కనబడుతూనే ఉన్నాడు.

"పోశెట్టిగారండీ, వాళ్ళు నన్ను ఎక్కిరించట్లేదండీ" అన్నారు ఆవిడ. గొంతు సన్నగా ఉంది. "టోపీలో నా పనితో పాటు ఇంకోటి కూడా వాళ్ళకి వెళ్ళిపోయిందండీ. నేను వడకట్టించుకోలేదు. చెప్పుకోవడానికి సిగ్గేసి మానేశాను. వాళ్ళు మిమ్మల్ని చూసే చూపు వాళ్ళది కాదండీ. అది నాది."

ఆయన చేతిలో కుంచె నీళ్ళలో జారిపోయింది. తీసుకోలేదు. ఆవిడనే చూస్తూ కూర్చున్నారు. నాకు ఊపిరి ఆడడం లేదు. ఏనుగు వెనక ఎవరికీ ఆడుతున్నట్టు లేదు.

"ఎప్పటి సంది?" అన్నారు ఆయన.

"ఈ తిమింగలం పైకొచ్చిన ఏడాది నుంచండీ. మీరు దానికి దారిలో ఎముక విరిగిందని అన్నం మానేశారు చూడండి. అప్పట్నుంచి."

ఆయన వేళ్ళు మడిచి ఏదో లెక్క చూసుకున్నారు. రెండోసారి కూడా చూసుకున్నారు.

"గట్లయితే మీరు నాకంటె రెండేండ్లు ఎనుక" అన్నారు.

ఏనుగు వెనక బలరాం బావురుమన్నాడు. రెహానా ఈల వేసింది. నేను హెచ్.ఆర్. అధిపతిననే సంగతి మరిచి చప్పట్లు కొట్టాను. మంగతాయారుగారికి మాత్రం ఇవేవీ వినబడినట్టు లేదు. "మరి ఎందుకు చెప్పలేదండీ?" అన్నారు. "మీరెందుకు చెప్పలే?" అన్నారు ఆయన. ఆయన లేచి స్టూలును తువ్వాలుతో తుడిచి ఆవిడను కూర్చోమన్నారు. ఆవిడ కూర్చున్నారు. అంత చిన్న సంగతి చూసి పన్నెండు మందిమి కళ్ళు తుడుచుకున్నాం.

నమోదు 9. సోమవారం, వానమబ్బు

సభలో నేనే లేచి తప్పు ఒప్పుకున్నాను. వడపోత లేకుండా అప్పగింత చేయించానని, దాంతో కొత్తవాళ్ళకు కొన్ని సొంత అలవాట్లు కూడా వచ్చాయని చదివాను. ఏ అలవాట్లని వీసీగారు అడిగారు. మంగతాయారుగారు మొదటి వరసలోంచి లేచి, "పోశెట్టిగారిని చూస్తూ నిలబడ్డం అండీ" అని చెప్పి కూర్చున్నారు. హాలంతా దద్దరిల్లింది. నాకు మూడు నెలలు జీతం పెంపు ఆపేశారు. ఇంత చవగ్గా పోతుందనుకోలేదు.

పోశెట్టిగారికి ఇంకా మూడేళ్ళ సర్వీసుంది. ఆవిడేమో నెలాఖరుకు కిందికి వెళ్ళాలి. ఇక్కడ హెచ్.ఆర్. పనికొచ్చింది. ఆయన సెలవులు తీసి చూస్తే, వచ్చిననాటి నుంచి ఒక్క రోజు కూడా వాడలేదు. అన్నీ కుప్పగా పడి ఉన్నాయి, మూడేళ్ళకు సరిపోయి ఇంకా మిగులుతాయి. ఎందుకు పెట్టలేదని అడిగాను.

"ఆమె పెట్టకపోతుండె గద మేడం" అన్నారు. ఆయన అడగకుండానే మొత్తం సెలవు మంజూరు చేశాను.

ఇంతలో అసలు మబ్బు వచ్చేసింది. నల్లగా, బరువుగా, అన్ని కిటికీల్లోంచి ఒక్కసారే దిగింది. పదకొండు మందీ అరల మీద పడ్డారు. "ఇది తడి! ఇది పొడి!" చీకటి పడేలోపు తడిసినవన్నీ విప్పి తాళ్ళకు ఆరేశారు. ఒక్కటీ పోలేదు. మంగతాయారుగారు చివరిదాకా కుర్చీలో కూర్చునే చూశారు. వేలు పెట్టాల్సిన అవసరం రాలేదు.

నమోదు 10. వాన

ఇద్దరూ తీగబండిలో పక్కపక్కన కూర్చుని కిందికి వెళ్ళారు. తిమింగలానికి ఆయన, పుస్తకాలకు ఆవిడ విడివిడిగా చెప్పి వచ్చారు. బండి మబ్బులోకి దిగి కనబడకుండా పోయేదాకా అందరం చేతులూపాం. అందరి గుండెల్లోనూ ఒకటే అనిపించి ఉంటుంది, నాకు అనిపించిందే: ఆయన వెళ్ళిపోతున్నందుకు దిగులు, ఆవిడతో వెళుతున్నందుకు పట్టలేనంత సంతోషం. ఆ రెండూ కలిసి ఏం చేయాలో తెలియక నవ్వుతూనే ఉన్నాం.

కడిగే గదికి ఇవాళే ఆఖరు రోజు. వస్తారా లేదా అని ఆ గది ఆయన పొద్దుట్నుంచి నాకు ఫోన్లు చేస్తున్నాడు. పదకొండు మందినీ పిలిచి అడిగాను. కడిగితే పని కూడా పోతుంది కదా, వానాకాలంలో ఎలా కుదురుతుందన్నారు. వానలు వెళ్ళాక ఎలాగూ కడగడానికి కుదరదని వాళ్ళకూ తెలుసు. రెహానా మాత్రం కింద ఉన్న పిల్లాణ్ణి ఈ చూపుతో ఒకసారి చూసి వస్తానని రెండు రోజులు సెలవు అడిగింది. ఇచ్చాను.

నాకు తడి పుస్తకాలతో ఏ పనీ లేదు. నాకు చెప్పుకోవడానికి ఒక్క సాకు కూడా లేదు. గది మూసే వేళయింది, ఆయన మళ్ళీ ఫోన్ చేశాడు. "మేడం, మీరొక్కరైనా వస్తున్నారా?"

రావడం లేదని చెప్పాను.